తొమ్మిదడుగుల లోతు

మా నాన్న ఆ కొలనులోకి రెండుసార్లు దిగాడు.
రెండుసార్లూ అందులో నీళ్ళు లేవు.

మొదటిసారి ముప్ఫై ఏడులో,
పని దొరకడమే పండగైన ఏడాది.
హార్లన్స్ ఫెర్రీ ఊరికి ఈతకొలను తవ్విన
ఇరవైమందిలో ఎజ్రా టోలివర్ ఒకడు.
రోజుకి డాలరు ముప్పావు.
గోడలకి నీలిపలకలు అతికించేదాకా ఉన్నాడు.
నీళ్ళు వదిలిన రోజున
బ్యాండుమేళం విన్నాడు,
కంచెకి ఇవతలనించి.

ఆ తర్వాత యుద్ధం.
ఫ్రాన్సు దాకా వెళ్ళి లారీల్లో పెట్రోలు తోలాడు.
దారిపక్క కాలువల్లో మొహం కడుక్కుంటే
ఇవి మా నీళ్ళని ఎవరూ అనలేదట.
తిరిగొచ్చాక ఆ సంగతి
మంగలిషాపులో ఒకసారి చెప్పాడు.
రెండోసారి చెప్పలేదు.

అరవై మూడులో కోర్టు తీర్పొచ్చింది:
ఊరి కొలను ఊరందరిదీ.
కౌన్సిల్లో ఏడు చేతులు లేచాయి.
మేం దిగితే నీళ్ళు మైలపడతాయని
ఎవరూ నోటితో అనలేదు.
పుస్తకంలో 'నిర్వహణ ఖర్చు' అని రాసుకున్నారు.
మాతో కలిసి మునగడం కంటే
మొత్తానికి నీళ్ళొదులుకోవడమే నయమనుకుంది ఊరు.

మర్నాడు లారీ తాళాలు మా నాన్న చేతిలో పెట్టి
ఎటో చూస్తూ అన్నాడు సూపర్‌వైజర్ ప్రూయిట్:
"మట్టి ఎక్కడిదైనా పరవాలేదు, ఎజ్రా."
ఎక్కడిదో మా నాన్నకి తెలుసు.
రైలుపట్టాల వెనక, పిచ్చిమొక్కలు మొలిచి,
ఇరవయ్యారేళ్ళ కింద తను పోసిన గుట్టే అది.
తవ్వినందుకు కూలి, పూడ్చినందుకు కూలి.
రెండోది కాస్త ఎక్కువే, ఉన్నమాట చెప్పాలి.

నాకు ఎనిమిదేళ్ళు. లారీలో పక్కసీటు నాది.
మట్టి పడుతుంటే తెల్లపిల్లలు
సైకిళ్ళాపి చూస్తూ నిలబడ్డారు,
మెడల్లో తువ్వాళ్ళు అలాగే ఉన్నాయి.
డాక్టరుగారి పిల్లలకి
వచ్చే వేసవికల్లా క్లబ్బులో కొత్త కొలను లేచింది.
బట్టలమిల్లువాళ్ళ పిల్లలకి
వాగే గతి, మాకు మల్లేనే.
ఆగస్టులో ఆ వాగు వెర్లిన్ స్టబ్స్‌ని ఉంచేసుకుంది.
పదేళ్ళవాడు. మిల్లు కాలనీవాడు.
మా అమ్మ చిలగడదుంపలతో పై చేసి
ఆ గుమ్మానికి పంపొచ్చో లేదో తెలీక
పొయ్యి దగ్గరే నిలబడిపోయింది.
చివరికి మేమే తిన్నాం. ఎవరం ఏం మాట్లాడలేదు.

పైన గడ్డి వేశారు. గడ్డి బాగానే పెరిగింది.
దానిమీద ఎవరూ కూచునేవాళ్ళు కాదు.
నిచ్చెన కమ్మీలు రెండూ పీకడం మర్చిపోయారు,
కిందనించి ఎవరో
ఇంకా ఎక్కి వస్తున్నట్టు.

రాత్రిళ్ళు మేం వెళ్ళేవాళ్ళం, నేనూ మా అన్న ఓబీ.
గట్టుమీద పెచ్చులూడిన అంకె: తొమ్మిదడుగులు.
ఓబీ అక్కణ్ణించి గడ్డిలోకి దూకేవాడు,
చేతులు జాపి, ఊపిరి బిగబట్టి.
మోచేతులు చీరుకుపోయేవి.
"ఇటు రాకు, లోతు!" అని నన్ను అదిలించేవాడు.
తక్కువ లోతున్న వైపు నేను బోర్లా పడుకుని
మంచు పట్టిన గడ్డిని కాళ్ళతో కొట్టేదాన్ని.

ఓ రాత్రి మా నాన్న వెతుక్కుంటూ వచ్చాడు.
తంతాడనుకున్నాం.
ఆ ఏడాది వానలకి మట్టి జానెడు కుంగింది.
బూట్లు విప్పి, గట్టుమీద కూచుని,
ఆ జానెడులోకి కాళ్ళు పెట్టుకున్నాడు.
చాలాసేపు.

ఇప్పుడు నాకు అరవై తొమ్మిది.
టొలీడోలో, ముసలివాళ్ళ ఈతక్లాసు,
మంగళవారం, గురువారం.
నేర్పే పిల్లకి ఇరవై నిండలేదు.
"ఇంతకు ముందెప్పుడైనా ఈదారా?" అంది.
ఏమని చెప్పను.
"కొంచెం" అన్నాను.
ఊపిరి బిగబట్టి మొహం నీళ్ళలో పెట్టాను.

అడుగున నీలిపలకలు.
ఎవరో మోకాళ్ళ మీద కూచుని
ఒక్కొక్కటే అతికించి వెళ్ళినవి.