ఆఖరి సైజు

యారాడ కొండ మూడో మలుపులో
బండి ఆయాసపడి మూలిగితే
వెనక సీటు మీంచి దిగి
చెప్పులు చేత పట్టుకుని నడిచిపోయింది భూలోకం.
నేను మొదటి గేర్లో గుడగుడమంటూ
పైకి చేరేసరికి
గట్టు మీద కూర్చుని జామకాయ తింటోంది.
"ఏటి మావా, ట్రాఫిక్కా?" అంది.

ఆ నవ్వు ఖరీదు నాలుగు వేల ఎనిమిది వందలు.

కంచరపాలెం గేటు పక్క సందులో
పైడియ్య బోరింగు షాపు.
సిలిండరు విప్పి, వేలు లోపల పెట్టి
సంతలో కుండ కొనే మనిషిలా
గుండ్రంగా తిప్పాడు.
"ముందోళ్ళు యాభై సైజు ఏసీసున్నారు.
వంద ఏస్తే బలం వొస్తాది, పొగ పోతాది.
కానీ బాబూ, ఇదే ఆఖరు.
గోడ కోసి కదా పిస్టన్‌కి సోటిస్తాం,
మళ్ళీ కొయ్యడానికి గోడుండదు."

పాత పిస్టన్ నా చేతిలో పెట్టాడు.
నెత్తి నిండా మసి,
పక్కన నిలువు గీతలు,
నా పదకొండేళ్ళ నైట్ షిఫ్టులని
పోర్టు ధూళి గోటితో రాసుకున్నట్టు.

కొత్తదాని నెత్తి పూరీలా పొంగి ఉంది.
బాణం గుర్తు సైలెన్సర్ వైపు.
రింగుల నోళ్ళు మూడూ మూడు దిక్కులకి తిప్పి
"ఒకే వరసలో ఉంటే
లోపలి కబుర్లు బయటికెల్లిపోతాయి" అన్నాడు.
పిన్ను లాకు చిటుక్కున ఎగిరిపోయింది.
ఇద్దరం మోకాళ్ళ మీద అరగంట వెతికాం.
అతని చొక్కా జేబులో దొరికింది.

నాలుగో కిక్కుకి పలికింది,
గొంతులో కఫం తెగిన మనిషిలా.
నేను రేజు చెయ్యబోతే
చేతి మీద చిన్న దెబ్బ.
"అయిదొందల కిలోమీటర్లు. నలభై దాటకు."

బలం కొనుక్కుని
మెల్లగా నడపడం!
స్కూలు ఆటోలు దాటిపోయాయి.
గ్యాసు బండి కుర్రాడు జాలిగా చూశాడు.

మీటరు వైరు తెగి రెండేళ్ళు,
అంచేత వేళ్ళ మీదే లెక్క:
గోపాలపట్నం నుంచి పోర్టు గేటుకి పదకొండు, తిరిగి పదకొండు.
జ్ఞానాపురం దగ్గర
తెల్లారకముందే రొట్టె కాలే వాసన ఉంటుందని
నలభైలోనే తెలిసింది.
ఖనిజం లారీలు పోయే చోట
వాన పడితే రోడ్డు ఎర్రగా కారుతుందని కూడా.

ఎన్ఏడీ దగ్గర ఒక రాత్రి లెక్క తప్పింది.
ఇంటికొచ్చి గొణుక్కుంటుంటే
"పదిహేడు రోజులు" అంది భూలోకం, వంటింట్లోంచి.
తలుపు వెనక గోడ మీద
బొగ్గుతో గీతలు.
నాకు చెప్పనేలేదు.

ఆదివారం. యారాడ.
మొదటి మలుపు మూడో గేర్లో, రెండోది కూడా.
మూడో మలుపు కూడా
బండి నన్నడక్కుండానే ఎక్కేస్తుంటే
భుజం మీద తట్టింది.
"ఆపు."
దిగింది. చెప్పులు తీసింది.
"ఇక్కణ్ణుంచి నడిస్తేనే
చెట్ల సందులోంచి ఓడలు అగుపిస్తాయి.
నువ్వు పైకెళ్ళి కూకో.
జామకాయ ఈసారి నీ వంతు."

క్లచ్చు నొక్కిపట్టి
కాసేపు అలాగే ఉన్నాను,
చేతిలో వంద సైజు బలం.
తర్వాత స్టాండు వేసి
చెప్పులు విడిచాను.

వెనకాల ఇంజను
చల్లారుతూ టిక్కు, టిక్కుమంటోంది,
ఇంక కొయ్యడానికి గోడ లేనిది.