నలభై నాలుగో రోజు

అయోవాలో, మిసిసిపీ లాకుల దగ్గర
పద్దెనిమిదేళ్లుగా గేట్లు తిప్పే ఒడెస్సా ట్రిబుల్
బూట్ల బురద పట్టాకి తుడిచి, తుడిచి
నా గదిలోకొచ్చింది.
చేతిలో కాగితం లేదు. టిఫిన్ డబ్బా ఉంది.

"చెప్పాలా వద్దా అనే ఇన్నాళ్లూ" అంది.
నేను ముందు క్యాలెండర్ చూశాను.
ఈ కుర్చీ అలాంటిది,
కన్నీళ్లకంటే ముందు తేదీలడుగుతుంది.
నలభై ఐదు రోజుల్లో చెప్పుకోకపోతే
జరిగింది జరగనట్టే.
వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టాను.
ఇవాళ నలభై నాలుగు.

మూడుసార్లు సూపర్‌వైజర్ పోస్టు పడింది.
మూడుసార్లూ
తను పని నేర్పిన కుర్రాళ్లనే వరించింది.
కిందటిసారి ఇంటర్వ్యూలో ఒకాయన నవ్వాడట:
"మీవాళ్ల గొంతు పెద్దది కదమ్మా,
కిందివాళ్లు బెదిరిపోతారు."

ఆ మాట రాస్తుంటే పెన్ను ఆగింది.
ఆ నవ్వు నాకు తెలుసు.
క్యాంటీన్‌లో దాని పక్క కుర్చీ నాదే.
ఎన్ని మధ్యాహ్నాలు దానికి వంత పాడానో
ఈ ఫారంలో గడి లేదు.

"ఏమైనా జరుగుతుందా?"
మాటివ్వలేను. నంబరివ్వగలను,
ముద్ర వేసిన నకలివ్వగలను.
"ప్రస్తుతానికి పేరు దాచమంటారా?"

డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టింది.
"మంచు కమ్మినప్పుడు, రేడియో చచ్చినప్పుడు
పడవలు ఒడ్డు చేరింది ఈ గొంతు పట్టుకునే.
నదికంతా తెలిసిన గొంతుకి దాపరికమేంటి?
రాయండి. ట్రిబుల్‌లో 'బు' ఒత్తు లేదు."

మర్నాడు క్యాంటీన్‌లో
కాఫీ చల్లారిపోతున్నా
ఎక్కడ కూర్చోవాలో తోచక
నిలబడే ఉన్నాను.