మంట అనే మాటకు

ఓపీ చీటీ మీద కట్టెపోగు దీనమ్మ.
వయసు ఆమెకే తెలీదు,
నలభై ఆరని నేనే రాసి పంపాను.

గుంటూరు పెద్దాసుపత్రి, పన్నెండో నంబరు గది.
కొత్త డాక్టరుది కటక్ అవతల ఏదో ఊరు.
ఆయన తెలుగు "నొప్పి", "ఎక్కడ", "నాలుక చాపు" దగ్గర ఆగింది.
నా ఇంగ్లీషు ఇంటర్లో రెండుసార్లు తప్పి
మూడోసారి ముప్ఫయ్యారుతో గట్టెక్కింది.
మా ఇద్దరి మధ్య స్టూలు మీద
దీనమ్మ రెండు అరచేతులూ తెరిచి కూచుంది.

గోరింటాకు పండినట్టున్నాయి.
గోరింటాకు కాదు.
శివరాత్రి ముందు నుంచీ తేజ మిరపకాయలకు తొడిమలు తీస్తోంది.
ముఖాన చెమట పడితే
మోచేతి వంపుతోనే తుడుచుకుంటోంది,
ఇక్కడ ఫ్యాను కింద కూడా.

"ఏమిటమ్మా?"
"మంటయ్యా."

డాక్టరు నా వైపు తిరిగాడు.
బర్నింగా? ఇరిటేషనా? ఇన్‌ఫ్లమేషనా?

నాకు గొంతు తడారిపోయింది.
మా ఇంట్లో అన్నిటికీ ఒకటే మాట.
పొయ్యిలో ఉండేది మంట.
చెప్పు కరిచిన చోట మంట.
పక్కవాళ్ళు డాబా పోస్తే మా పిన్నికి మంట,
బిడ్డను పోగొట్టుకున్న మా పెద్దమ్మకు
ఇరవయ్యేళ్ళుగా కడుపులో ఆరనిదీ అదే.
ఆ భాషలో మాత్రం మంటమంటకీ ఒక గది,
గదికో తాళం.

పైగా నాకా భాష మీద ఒక పాత అనుమానం.
ఆయిలు ట్యాంకర్ల వెనక ఎర్రటి అక్షరాల్లో
ఇన్‌ఫ్లేమబుల్ అని ఉంటుంది చూడండి,
ముందు ఇన్ ఉందిగదా, మండదు కాబోలనుకుని
ఏటుకూరు రోడ్డులో దాని నీడనే నిలబడి
ఎన్ని బీడీలు కాల్చానో.

"బర్నింగ్ సార్" అన్నాను.
రాసుకున్నాడు.
ఇంకెక్కడ అని అడగమన్నాడు. అడిగాను.

"ఒళ్ళంతా మండుద్దయ్యా.
మూడు వారాల కూలి ఆపాడు గుమస్తా.
తాలు ఎక్కువ పడిందంట.
తాలు నేను కాయించానా?
అడిగితే, కారాలు నూరమాక, పని చూసుకోమన్నాడు.
ఇంకా నూరేదేంది, రోజూ కారంలోనే కూచున్నాగా!"

ఇంత మాటను ఏ సంచిలో మోసుకెళ్ళను?
"హోల్ బాడీ బర్నింగ్ సార్."

ఆయన థర్మామీటరు పెట్టాడు.
తొంభై ఎనిమిది పాయింటు ఆరు.
నార్మల్, అన్నాడు.
నా ముఖం చిన్నబోయింది.
ఆమె నాలుక కింద గాజుగొట్టంతో
మాట్లాడకుండా నా వంకే చూస్తోంది,
అన్నీ చెప్పాననే నమ్మకంతో.

తర్వాత ఆయన చేతులు లైటు కిందికి లాక్కున్నాడు.
వేళ్ళ సందుల్లో చర్మం పగిలి,
ఎర్రగా, ఉబ్బి, నిగనిగలాడుతూ.
చాలాసేపు చూశాడు.
వెరీ యాంగ్రీ, అన్నాడు మెల్లగా.

ఎవరు సార్, అన్నాను.
స్కిన్, అన్నాడు. పుండు ఇలా రగులుతుంటే
పుస్తకాల్లో ఆ మాటే వాడతారట.

"ఏమంటన్నాడయ్యా?"
"నీ చేతులకు కోపమొచ్చిందంటున్నారు."

దీనమ్మ నవ్వింది.
పొగాకు మరకల పళ్ళతో, భుజాలు కదిలేలా నవ్వింది.
"ఇంతదూరం నుంచొచ్చినా
బానే కనిపెట్టాడే."

పూతమందు, పది మాత్రలు,
వారం పని మానాలి. ఆ ఆఖరిది
నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.

గడప దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.
"అయ్యా, ఆ మాటేదో చీటీ మీద రాసియ్యవా.
డాక్టరు చెప్పిందని గుమస్తాకి చూపిస్తా.
నే చెబితే పొగరంటన్నాడు."

చీటీ వెనక్కి తిప్పాను.
ఇంగ్లీషు స్పెల్లింగు మీద నమ్మకం లేక
తెలుగులోనే, పెద్దక్షరాలతో,
రెండుసార్లు దిద్ది రాశాను
యాంగ్రీ.

వేలు ఆనకుండా, రెండు గోళ్ళ మధ్య పట్టుకుని
సిరా ఆరేదాకా ఊదుకుంటూ
మెట్లు దిగింది.