ఒకటీ పాయింటు ఇరవై ఒకటి

గ్రిమ్స్‌బీలో గోదావరి రొయ్య
మైనస్ ఇరవైలో నిద్రపోతుంది.
కొన్నది డాలర్లలో,
అమ్మేది పౌండ్లలో,
మిగిలిందెంత అని కాకినాడ అడిగేది రూపాయల్లో.
కోల్డ్ స్టోరు గోడకి ఆనుకున్న ఆఫీసు నాది.
వేళ్లు తెగ్గోసిన ఊలు గ్లవ్స్ వేసుకుని
ఈ మూడింటికీ పొత్తు కుదురుస్తుంటాను.

జూన్‌లో పౌండుకి ఒకటీ ముప్పై.
కంటైనరు లక్షా ముప్పై వేల డాలర్లు,
అంటే సరిగ్గా లక్ష పౌండ్లు.
గుండ్రటి అంకె, ముద్దొచ్చింది.
ముందే రేటు కట్టేసుకోండని బ్యాంకువాళ్లు ఫోన్ చేశారు.
మీ కమిషన్ దండగ, పౌండు ఇంకా లేస్తుంది
అన్నది నేనే.
ఆ మెయిలు ఇంకా ఉంది.
చెరపలేదు.

హంబర్ ఆటుపోట్లకి పట్టిక ఉంటుంది,
రేవు ఆఫీసు గుమ్మానికి అంటించి,
నిమిషాలతో సహా.
సెప్టెంబరులో ఒక గురువారం
ఏ పట్టికా లేకుండా
పౌండు మెట్లు చూసుకోకుండా దిగింది.
ఒకటీ ఇరవై ఒకటి.
అదే ఓడ, అదే కంటైనరు, అదే రొయ్య,
మీసమైనా పెరగలేదు.
ఏడువేల నాలుగువందల ముప్పై ఎనిమిది పౌండ్లు ఎక్కువ.

సూపర్‌మార్కెట్‌తో ధర మార్చి దాకా మేకు కొట్టి ఉంది.
పెంచమంటే వాళ్ల గ్రెగ్ నవ్వుతాడు,
తగ్గించమంటే ఎగుమతిదారు ఏడుస్తాడు.
కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి.
ఆ సామెతలో
తెరుచుకునే ఉండిపోయిన నోటి నొప్పి మాత్రం
ఎవరూ అడగరు.

కాకినాడలో రాత్రి పదిన్నర, సత్తిరాజు గారు లైన్లో:
"టన్నులు తగ్గలేదు కదమ్మా, డబ్బేదీ?"
ఏడాది చివర పద్దులు రూపాయల్లోకి మార్చితే
కనబడే నష్టం వేరండీ,
అది అద్దంలో వంకర, ముఖం బాగానే ఉంటుంది.
ఇది ముఖమే.
జీతాల రోజున ఖాతాలో లేని డబ్బు.
ఆయన కాసేపు దగ్గారు.
"ఓ షిఫ్టు ఆపు."

శనివారం ఆపాం.
మోరీన్ తెల్ల రబ్బరు బూట్లతో నా గుమ్మంలో నిలబడింది.
ముప్పై ఒక్క ఏళ్ల చేపల పని,
కుడి చూపుడువేలు సగమే.
"మేమేం తప్పు చేశాం?"
ఏమీ లేదన్నాను.
ఆవిడకి అదే ఎక్కువ బాధ,
తప్పుంటే దిద్దుకునేది కదా.
డాలరు పెరిగింది అన్నాను.
"జన్మలో దాన్ని ముట్టుకోలేదే నేను!"
రోజూ ముట్టుకుంటావు మోరీన్,
తల తుంచి, తొక్క వలిచి, ట్రేలో పరుస్తావు.
అనలేదు.
నా మెయిలు సంగతీ అనలేదు.

వెనక షెడ్డులో ఒక ముసలి లైను ఉంది.
లింకన్‌షైర్ దుంప, ఇక్కడి పడవల హాడక్ చేప
కలిపి బిళ్లలు తట్టి డబ్లిన్ పంపుతుంది.
పెట్టేదంతా పౌండ్లు, వచ్చేది యూరోలు.
మూసేద్దామని రెండుసార్లు నోట్ రాశాను.
యూరో ముందు కూడా పౌండు చిక్కిపోయిందేమో,
అక్టోబరులో డబ్లిన్ డబ్బు
ఖాతాలో పడేసరికి ఒళ్లు చేసింది.
అక్కడి ఆవిడ ఇంకో ఆరు పాలెట్లు అడిగింది.
ముందు గదిలో దీపం ఆర్పిన గాలే
వెనక గదిలో పొయ్యి రాజేసింది.

నవంబరులో శనివారం తిరిగొచ్చింది,
ముప్పై మందిలో పద్నాలుగు మందికి.
ఇల్జే అప్పటికే స్కన్‌థార్ప్‌లో ఏదో గిడ్డంగిలో చేరింది.
పౌండు రేపు ఎక్కుతుందేమో,
ఇల్జే రాదు.
ఆ గడి నా షీటులో లేదు.

ఇప్పుడు మోరీన్ రోజూ
టీ కప్పుతో నా కిటికీ తడుతుంది.
"ఇవాళెంత?"
ఒకటీ ఇరవై మూడు.
"మంచిదా, చెడ్డదా?"
పెన్ను కింద పెట్టి అడుగుతాను:
ఇవాళ నీ డ్యూటీ
ఏ షెడ్డులో?