ఎడమ వెనక కాలు

పదకొండు నెలల లాడాల బాకీ కింద
వైమరీ రేవీతి నాకో కాలు రాసిచ్చింది.
ఎడమ వెనకది.
"డబ్బు లేదు డెస్, కాలుంది" అంది,
టీ మరక పడ్డ దాణా బిల్లు వెనక
సంతకం పెడుతూ.

ఫాక్స్‌టన్ తీరంలో ఆమెది రేకుల పాక.
మూడు గుర్రాలు.
ఒకటి ముసలిది, ఒకటి కుంటిది,
మూడోది ఈ ఆడగుర్రం.
పందెం పుస్తకంలో పేరు స్మాల్ చేంజ్.
మాకు చిల్లర.
మోకాళ్లు దగ్గరగా, మెడ పొట్టిగా ఉంటుంది.
దాని వంతు వచ్చేసరికి
వేలంపాటవాడు కూడా గొంతు తగ్గించాడట.

దూరం దానికి పడదు.
మైలు పరుగుకి దింపితే సగం దారిలో
సంతలో తప్పిపోయిన పిల్లలా దిక్కులు చూసేది.
కానీ తెల్లారుజామున,
నీళ్లు వెనక్కి తగ్గిన నల్ల ఇసుక మీద
ఒక నిమిషం పాటు,
ఒక్క నిమిషమే,
లేచిన ఇసుక కింద పడేలోపు
అది అక్కడ ఉండేది కాదు.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు.
అప్పులవాళ్ల రాకపోకలకూ తక్కువ లేదు.
అమ్మేయమన్నారు.
పిల్లల స్వారీ బడికి ఇచ్చేయమన్నారు.
వైమరీ పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.
నాలుగోది నాది కదా,
నేనేం మాట్లాడను?

ట్రెంథమ్‌లో పందెం రోజు వాన.
పన్నెండు వందల మీటర్లు, పదహారు గుర్రాలు.
బోర్డు మీద మాకు ఒకటికి అరవై.
ఎక్కింది టెగన్,
పొద్దున్నే రెండొందల ఆవుల పాలు పితికించి
వ్యానులో నిద్రపోతూ వచ్చిన పిల్ల.
ఒంటి మీద వైమరీ తల్లి కుట్టిన చొక్కా,
ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు, ఒక చుక్క ఊడింది.
పెద్దవాళ్ల గుర్రాలకు దుప్పట్ల మీద పేర్లు కుట్టి ఉన్నాయి.
మా చిల్లర మీద వైమరీ వానకోటు.

గేట్లు తెరుచుకున్నాయి.
అందరూ లోపలి కంచె వైపు ఒరిగారు.
పొద్దుట్నుంచీ తొక్కీ తొక్కీ అక్కడ నేల ముద్దయింది.
మలుపు తిరగ్గానే టెగన్ ఒక్కతే బయటికి లాగింది,
ఎవరూ తొక్కని గడ్డి మీదికి.
"మేతకి తోలుకెళ్తోందా?" అన్నాడు నా పక్కనాయన.

నేను పందెం చూడలేదు.
నిజం చెప్తున్నా, ఎడమ వెనక కాలే చూశాను.
అది నేలను తాకడం, మట్టి విసరడం,
మళ్లీ తాకడం.
మిగతా మూడూ ఎవరివో వాళ్లు చూసుకుంటారు.
నాలుగొందల గుర్తు దాటాక
ఏదో మెరిసి గాల్లోకి లేచింది.
ఆ హోరులో చెవికేం తెలుస్తుంది?
సుత్తి పట్టిన అరిచేతికి తెలిసింది.

తర్వాత అరుపులు. తర్వాత ఫొటో కోసం
మూడు నిమిషాలు గొడుగుల మీద వాన చప్పుడు.
పదమూడో నంబరు పైకొచ్చింది. మాదే.
ముక్కు తేడా, అదీ పూర్తి ముక్కు కాదు.
వైమరీ ఏడవలేదు.
చేతిలో తాడు కాసేపు ఎవరికిద్దామా అని
చుట్టూ చూసింది.

కప్పు చుట్టూ కెమెరాలు మూగినప్పుడు
నేను వంగి కాలెత్తాను.
లాడం లేదు.
ఆరు మేకుల గుంతలు, గుంతల నిండా బురద,
ఆవిరి కక్కుతున్న వట్టి గిట్ట.
దాన్ని ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాను,
పెళ్లికూతురి గౌను కుట్టు విడిచిందని
తనొక్కడికే తెలిసిన దర్జీలా.

అందరూ వెళ్లాక గడ్డిలో వెతికాను.
వంకర తిరిగిన అల్యూమినియం ముక్క.
తుడిచి జేబులో వేసుకున్నాను.
ఎవరికీ చెప్పలేదు.

బుధవారం వైమరీ కవరు తెచ్చింది.
పదకొండు నెలల బాకీ, ఒక కాలి వాటా,
సెంటుతో సహా లెక్క.
అడుగున ఆమె గుండ్రటి రాతలో ఇంకో వరుస:
"ఎడమ వెనక లాడం, ఒకటి.
గట్టిగా కొట్టనందుకు తగ్గింపు."

అయితే ఆ రోజు
ఆమె కూడా పందెం చూడలేదన్నమాట.