రోజు ఖరీదు

మార్చి గురువారం మధ్యాహ్నం రెండింటికి
హెలెనాలో, మా ఆఫీసు మూడో అంతస్తులో
టెండరు కవర్లు విప్పారు.

ఇదివరకు కవరులో ఒకటే అంకె.
తక్కువకి పాడినవాడిదే వంతెన.
వాడు ఎన్నాళ్లు కడతాడో,
ఎన్ని చలికాలాలు ఏటి నడుమ
ఇనపఊచలు తుప్పు తాగుతూ నిలబడతాయో
అడిగిన పాపాన పోయినవాళ్లు లేరు.
ఈసారి రెండు అంకెలు రాయమన్నాం:
ఎంత డబ్బు, ఎన్ని రోజులు.
రోజుల్ని డబ్బుగా మార్చే అంకె మాత్రం నాది.

తొమ్మిదివేల నాలుగువందల డాలర్లు.
స్టార్కీ క్రీక్ వంతెన ఒక్కరోజు మూసి ఉంచితే
జనానికి తగిలే దెబ్బ అంతేనని
నేను సంతకం పెట్టాను.

చుట్టుదారి ముప్పై ఎనిమిది మైళ్లు.
గోధుమల లారీకి గంటకింత,
కారుకి గంటకింత,
టైర్ల అరుగుదల, డీజిలు.
వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి వెళ్లే
క్లైడ్ ఓస్ట్‌బీ రిటైరైన మనిషి,
ఆయన గంట సగం ధరకే వస్తుంది.
వెర్నా స్టోల్పీ నడిపే పసుపు బస్సులో
పదకొండుమంది పిల్లలు,
చీకటితో ఎక్కి చీకట్లో దిగాల్సినవాళ్లు.
పిల్లల గంటకి మా పట్టికలో ధరే లేదు.
ఆ బస్సుని లారీల వరసలో వేశాను,
చూసీచూడనట్టు.

కవర్లు చదివారు.
బార్టెల్ బ్రదర్స్:
అరవైరెండు లక్షలు, రెండువందల పది రోజులు.
క్విన్లాన్ అండ్ హోవ్:
అరవైతొమ్మిది లక్షలు, నూట ఇరవై.
గదిలో కాలిక్యులేటర్ల చప్పుడు
రేకుమీద తొలి చినుకుల్లా.
ఏడు లక్షలు ఎక్కువ అడిగినవాడు
లక్షా నలభై ఆరువేల తేడాతో గెలిచాడు.

బార్టెల్ పెద్దాయన టోపీ సర్దుకుంటూ
నా బల్ల దగ్గర ఆగాడు.
"నలభయ్యేళ్లు డబ్బుతో పోటీపడ్డాను.
కేలండరు చేతిలో ఓడిపోవడం ఇదే మొదలు."
నేనేం చెప్పను?
రోజు ఖరీదు ఏడువేల ఏడువందలని రాసి ఉంటే
వంతెన ఆయనదే.
బస్సుని దాని వరసలో దాన్ని వేసి ఉంటే
ఎంత తేలేదో
ఇప్పటికీ తిరగేసి లెక్క చూడలేదు.

జులైలో వెళ్లాను, రాత్రి పదకొండప్పుడు.
ఏటి మీద స్తంభాల దీపాలు,
వాటి చుట్టూ మంచు కురిసినట్టు పురుగులు.
చెక్కలు బిగించే డెల్ రాస్కిన్
ఫ్లాస్కు మూతలో కాఫీ పోసిచ్చాడు.
"రోజులు బాగానే మిగులుస్తున్నారే" అన్నాను.
"రోజులా?" అని నవ్వాడు.
"మా దగ్గర కొంటున్నవి రాత్రులు."
వాళ్ల అబ్బాయి ఈ వేసవిలో
రెండో బేసు నుంచి షార్ట్‌స్టాప్‌కి మారాడట.
ఫోనులో చూశాడు,
అదీ ఎవరో వణికే చేత్తో తీసింది.
సైరన్ మోగింది. మూత బోర్లించి లేచాడు.

నూట పదమూడో రోజున వంతెన తెరిచారు.
మిగిలిన ఏడు రోజులకి
అరవైఅయిదువేల ఎనిమిదివందల బోనసు,
చెక్కు కాగితం నా చేతిమీదుగానే వెళ్లింది.
సెప్టెంబరులో వెర్నా బస్సు
ఇరవై సెకన్లలో ఏరు దాటింది.
కిటికీకి చెంప ఆనించి నిద్రపోతున్న పిల్లాడికి
కింద నీళ్లున్నట్టే తెలియదు.

ఇప్పుడు బల్లమీద ఇంకో ఫైలు,
ఇంకో ఏరు, ఇంకో చుట్టుదారి.
పట్టికలో చివరి గడి పక్కన
ఇంకో గడి గీశాను, పెన్సిలుతో.
పైన ఏమని రాయాలో తోచలేదు.
ఇదేమిటని మా సూపర్‌వైజరు అడిగితే
గీత పొరపాటున పడిందన్నాను.
చెరపలేదు.