ఎక్కడ దించాలె

పదహారో రోజు.
నాలుక మీద రాగి పైస చప్పరించిన రుచి.
పొద్దుగాల ఉప్పు నీళ్ళు, వెన్న వేసిన కాఫీ, మూడు గుడ్లు.
రాత్రి పిక్కలు పట్టేసి
మంచం పట్టె పట్టుకొని చీకట్ల నిలబడ్డ.

ల్యాబుల అందరి నెత్తురు చూసేదాన్ని నేనే.
మార్చిల ఒక సీసా మీద నా పేరు రాసుకున్న.
వచ్చిన అంకెను వేరే ఎవరిదో అన్నట్టు మడిచి
సంచిల అడుక్కు పెట్టిన.

ఇప్పుడు మూసారంబాగ్‌ల ఇస్మాయిల్ భాయ్
కుక్కల కోసం పక్కకు తీసే చెర్బీని
నాకోసం తూకం వేస్తడు.
"డాక్టర్ బోలే క్యా బాజీ?"
లేదు భాయ్, తబస్సుం చెప్పింది.

తబస్సుం మా కోచ్.
టైర్ల దుకాణం కింద సెల్లారు, వానొస్తే మెట్ల మీంచి నీళ్ళు.
"బారును గుంజకు, నేలను తొక్కు" అంటది.
ఆ వారం అరవై కిలోలు కూడ లేవలే.
నూనె మార్చిన పాత బండి లెక్క
ఒళ్ళు దగ్గింది, ఆగింది, మళ్ళ దగ్గింది.
కొవ్వు కాల్చుడు నేర్చుకుంటున్నదట,
నలభై ఏండ్లు బియ్యం తప్ప ఏం తెల్వని ఒళ్ళు.

ఆకలి అంత కష్టం కాదు.
గేటు కాడ సత్తెమ్మక్క కష్టం.
"అన్నం తిన్నవా?"
తిన్న అంటే అబద్ధం.
తినలే అంటే కంచంల పెట్టుకొనొస్తది.
గుడ్లు తిన్న అక్కా, పనీరు తిన్న.
"అది సరే. అన్నం?"
నువ్వు బాగున్నవా అని అడిగేతందుకు
ఆమె దగ్గర ఇంకో మాట లేదు.

మా నాయిన మలక్‌పేట గంజిల హమాలీ. ముప్పై ఒక్క ఏండ్లు.
గిన్నెడు సద్దన్నం, ఒక ఉల్లిగడ్డ, ఇగ బస్తాలే.
లారీ నుంచి గోదాముకు, గోదాము నుంచి లారీకి.
మెడ వెనక నిమ్మకాయంత కాయ కాసింది.
చిన్నప్పుడు దాన్ని నొక్కుకుంట నిద్రపోయేదాన్ని.

శ్రావణంల ఒక మాపు
నేను మర్చిపోయిన డబ్బా పట్టుకొని
సెల్లారు మెట్లు దిగిండు, చెప్పులు బయట విడిచి.
బారుకు అటొకటి ఇటొకటి బిళ్ళలు ఎక్కిస్తున్న.
"ఎంత?"
"వంద."
"క్వింటాలు," అని తలూపిండు.
"యాడ దించాలె?"
"ఈడనే నాయినా. లేపి, మళ్ళ ఈడనే."
బిళ్ళల దిక్కు చూసిండు. అద్దం దిక్కు చూసిండు.
"నెలకు ఎంతిస్తరు?"
"మనమే ఇయ్యాలె. పద్దెనిమిది వందలు."

నవ్వుతడనుకున్న.
వచ్చి పక్కన నిలబడి
రెండు వేళ్ళతో పక్కటెముకల కింద పొడిచిండు.
"దమ్ము ఈడ పట్టు. రొమ్ముల కాదు.
బరువు నిన్ను చూసే లోపల్నే లేవాలె."
తబస్సుం ఫోను జేబుల పెట్టుకుంది.

లేచింది.
పిక్కలు గీరుకుంట, మోకాళ్ళు దాటి, ఒక్కసారే.
దించిన చప్పుడుకు
పైనుంచి టైర్లాయన తిట్టిండు.

డబ్బా మూత తీసి చూసిండు నాయిన.
నాలుగు గుడ్లు, చెర్బీల వేపిన కీమ, కొబ్బరి ముక్కలు.
కిందేమన్న ఉందా అని కదిలించిండు.
"గంతేనా?"
గంతే.
శానాసేపటికి ఒక గుడ్డు తీసుకొని
తబస్సుంను ఉప్పడిగిండు.